తువ్వాల కింది పట్టు

పెబ్బేరు పశువుల సంతకు ఎన్నడూ పోనివారికి ముందుగా ఒక సంగతి చెప్పాలి. అక్కడి పాతతరం దళారులు కొందరు ఇప్పటికీ నోటితో బేరం చేయరు. అమ్మేవాడి చేయి పట్టుకుని, పైన ఒక తువ్వాల కప్పి, ఆ గుడ్డ కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి ముఖాలే కనబడతాయి, చేతులు కనబడవు. బేరం బయటికి పొక్కకుండా పెద్దలు చేసుకున్న ఏర్పాటు ఇది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఈ మధ్య ఫోన్లలో వీడియోలు తీసుకుపోయేవాళ్లూ ఎక్కువయ్యారు.

ఒక శనివారం ఉదయం, ఆ సంతలో, అలాంటి తువ్వాల కిందే ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయి చేయి ఇరుక్కుపోయింది.

ఆమె పేరు మాలతి. వనపర్తిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి వెంకట్రాములుది పెబ్బేరుకు దగ్గరి పల్లె. కాస్త మెట్ట పొలం ఉన్నా, ఆయనకు పేరు తెచ్చింది వేరే పని. కాడి ఎరగని కోడెలను తెచ్చి, పనికి అలవాటు చేసి, సంతలో అమ్ముతాడు. ఇరవై ఏళ్లుగా ఆయన కోడెలకు బేరం కుదిర్చేది కురుమూర్తి అనే దళారి. చుట్టమేమీ కాదు గానీ, ఇంట్లో పిల్లలు ఆయనను మామ అనే పిలుస్తారు.

ఆ రోజు వెంకట్రాములు రాయచూరు నుంచి వచ్చిన రైతుకు కోడె పళ్లు చూపిస్తున్నాడు. ఆ రైతు "ఎష్టు?" అని కన్నడంలో ధర అడుగుతున్నాడు. మాలతి పక్కన పగ్గం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇటు రా బిడ్డా, నీకు వేళ్ల లెక్క నేర్పిస్త," అన్నాడు కురుమూర్తి. "డిగ్రీ సదువుతున్నవ్, గింత తెల్వకుంటె ఎట్ల?"

ఆమె ఉత్సాహంగానే చేయి ఇచ్చింది. తువ్వాల కప్పాడు. రెండు వేళ్లు నొక్కి ఒక లెక్క చెప్పాడు, మూడు వేళ్లు నొక్కి ఇంకో లెక్క చెప్పాడు. తర్వాత లెక్క ఆగిపోయింది, చేయి మాత్రం వదల్లేదు. మణికట్టు బిగించి పట్టుకుని, బొటనవేలితో ఆమె అరచేతిని నలుపుతూ, మరో పక్క ఎవరితోనో ఎడ్ల పళ్ల గురించి మాట్లాడుతున్నాడు. మాలతి చేయి లాగింది. పట్టు ఇంకా బిగిసింది. నాలుగడుగుల దూరంలో తండ్రి ఉన్నాడు. చుట్టూ వందమంది ఉన్నారు. ఆమె నోరు తెరవలేదు. పైగా నవ్వింది.

అవును, నవ్వింది. ఇబ్బంది పడిన ఆడపిల్ల ముఖం మీదికి దానంతటదే వచ్చే ఆ నవ్వు పాఠకులలో చాలామందికి తెలుసు. కొందరు స్వయంగా నవ్వి ఉంటారు. కొందరు దాన్ని చూసి, పిల్లకు ఇష్టమే కాబోలు అనుకుని ఉంటారు.

ఇందులో వింత ఏమిటంటే, సరిగ్గా పది రోజుల క్రితమే ఆ అమ్మాయి ఆత్మరక్షణ శిక్షణలో కళాశాల మొత్తానికి మొదటి స్థానం తెచ్చుకుంది. మూడు నెలల శిక్షణ అది. నేర్పింది ప్రేమలత, నాగర్‌కర్నూలు అమ్మాయి, కరాటేలో బ్లాక్ బెల్టు. ముగింపు రోజున తెల్లని దుస్తుల్లో, పరుపుల మీద పిల్లలు చేసిన ప్రదర్శనకు అతిథులు లేచి నిలబడ్డారు. ప్రేమలత "ఒకటి" అనగానే శిల్ప అనే అమ్మాయి మాలతి మణికట్టు పట్టుకుంది. "రెండు" అనగానే మాలతి చేయి తిప్పింది. "మూడు" అనేసరికి శిల్ప నేల మీద ఉంది. చప్పట్లే చప్పట్లు. మనకు చప్పట్లు కొట్టడం చాలా ఇష్టం. కొట్టేశాక ఇంటికి పోయి మరిచిపోవచ్చు.

మరి ఆ విద్య సంతలో ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న మనకంటే ముందు ప్రేమలతకు వచ్చింది.

అచ్చంపేటలో ఒక కళాశాల వాళ్లు ఇలాంటి ప్రదర్శనే అడిగితే, ఆమె సోమవారం మాలతిని పిలిచింది. మాలతి రానంది. కారణం అడిగితే మాట దాటేసింది. ఆటవస్తువుల గదిలో ఇద్దరే ఉన్నప్పుడు చివరికి చెప్పేసింది.

"నాకు అన్నీ యాదికున్నయి మేడం. గని మీరు ఒకటి అన్నంక శిల్ప పట్టుకుంటది. ఆయన ఒకటి అనలె."

ప్రేమలతకు ముందు కోపం వచ్చింది. "ఎవడాడు? మీ నాయనకు చెప్పినవా? పోలీస్ స్టేషన్‌కు పోదాం పా, నేనొస్త."

"నాయనకు చెప్పలె. ఇరవై ఏండ్ల దోస్తాన వాళ్లది. నువ్వే తప్పు సమజ్ చేసుకున్నవ్ అంటడు. ఒకవేళ నమ్మితె, ఇగ సదువొద్దు, బయటకు పోవుడొద్దు అంటడు. రెండిట్ల ఏదైనా నాకే నష్టం. జర నన్ను ఆలోచించుకోనియ్యండి."

ప్రేమలత ఒత్తిడి చేయలేదు. ఎప్పుడు చెప్పాలనుకున్నా తోడు ఉంటానని మాట ఇచ్చింది. కానీ "ఆయన ఒకటి అనలె" అన్న మాట ఆమెను పట్టుకుంది. ఆ మధ్యాహ్నమే శిల్పను పిలిచి తన మణికట్టు చాపింది.

"గట్టిగ పట్టు. నేను ఏం జేసినా వదలకు."

శిల్ప పత్తి చేలల్లో పెరిగిన పిల్ల. పట్టుకుంది. ప్రేమలత పదకొండేళ్లుగా చేస్తున్న ఆ మెలికే తిప్పింది. చేయి రాలేదు. మళ్లీ తిప్పింది. రాలేదు. ఇద్దరూ పగలబడి నవ్వారు. తర్వాత ప్రేమలత నవ్వు ఆగిపోయింది. పదకొండేళ్లుగా ఎదుటివాళ్లు తనను గౌరవించి చేయి వదులుతున్నారని, తాను దాన్ని బలమనుకుంటున్నానని ఆమెకు తట్టింది. ఒప్పుకోవడానికి మనసొప్పని సంగతి ఇది. ఆమె ఒప్పుకుంది. అందుకే ఈ కథ చెబుతున్నాను.

ఒప్పుకున్నాక మాత్రం తొందరపడింది. ముగిసిన శిక్షణను మళ్లీ మొదలుపెట్టి, ఈసారి అది అసలైన దాడిలా ఉండాలనుకుని, నాగర్‌కర్నూలు నుంచి జితేందర్ అనే తోటి శిక్షకుణ్ణి పిలిపించింది. అతను తలుపు చాటున దాక్కుని, గదిలోకి వచ్చే పిల్లల మీద ఉన్నట్టుండి పడాలి. మొదట వచ్చింది శిల్ప. కేక పెట్టి వెనక్కి పడింది, మోచేయి బెణికింది. మాలతి సంతలో లాగే కొయ్యబారి నిలబడింది. మరునాడు నలుగురు పిల్లలు రాలేదు. ప్రిన్సిపాల్ పిలిచి, ఇది శిక్షణా లేక శిక్షా అని అడిగారు.

మెత్తగా నేర్పితే పనికిరావడం లేదు. గట్టిగా నేర్పితే పిల్లలు పారిపోతున్నారు. మరి మధ్యలో దారి ఎక్కడుంది? ఆలోచిస్తూనే, రాకుండా పోయిన పిల్లల ఇళ్లకు తిరిగింది. వాళ్లలో మాలతి కూడా ఉంది కాబట్టి ఆమె ఊరికీ పోయింది. మాలతి ఇంట్లో లేదు. వెంకట్రాములు దుక్కిలో కొత్త కోడెతో కుస్తీ పడుతున్నాడు. ప్రేమలత గట్టు మీద నిలబడి చూసింది. ఒక ముసలి ఎద్దు, దాని పక్కన మిడిసిపడే కోడె, వెనుక చిన్న చెక్క దుంగ.

"గదేంది, దుంగ గుంజిపిస్తున్నరు?"

"నాగలి కడితె బెదురుతది మేడం," అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ. "మొదలు ఉత్త కాడి మెడ మీద పెట్టి నిలవెట్టిన. అది అలవాటైనంక ముసలెద్దు జతకు కట్టిన. ఇప్పుడు దుంగ. ఎనుక గుంటుక, గటెనుక బండి. లారీలు పోయే రోడ్డు మీదికి ఆఖరుకు తోల్కపోత."

"మొదటి రోజే రోడ్డు మీదికి తోల్కపోతె?"

"బతికున్నన్ని రోజులు లారీ సప్పుడుకు ఉరుకుతది."

"పోనీ, ఈ మెత్తటి దుక్కిలనే తిప్పి అమ్మేస్తె?"

వెంకట్రాములు నవ్వాడు. "కొన్నోడు మూడు దినాలకు మర్లగొట్టుకొస్తడు. సంతల చూస్తె బుద్ధిగ నిలబడ్డది, రోడ్డు మీద కాలువల పడేసిందని తిడ్తడు. ఒక దినం ఒక్కటే పెంచాలె మేడం. బరువు పెంచిన్నాడు దారి మార్చొద్దు. దారి మార్చిన్నాడు బరువు తీసెయ్యాలె. ఇంక ఎంత పెంచాలె అనేది నేను చెప్పేది కాదు, కోడె చెప్తది. దాని చెవులు చూడాలె."

ఆడపిల్లను కోడెతో పోలుస్తారా అని ఎవరైనా నొచ్చుకోవచ్చు. ప్రేమలత నొచ్చుకోలేదు. విద్య ఎవరి దగ్గర ఉంటే వాళ్ల దగ్గర నేర్చుకునే మనిషి ఆమె. అక్కడే నిలబడి ఇంకా పది ప్రశ్నలు అడిగింది. మాలతి చెప్పిన సంగతి మాత్రం పెదవి దాటనివ్వలేదు.

తర్వాతి వారం నుంచి ఆమె తరగతి మారింది, మానేసిన నలుగురూ తిరిగి వచ్చారు. మొదట తీసేసింది అంకెలను. పట్టు నెమ్మదిగానే, మెత్తగానే. కానీ ఎప్పుడు పట్టుకుంటారో ఎవరూ చెప్పరు. ఆ ఒక్క మార్పుకే సగంమంది తడబడ్డారు. వారం గడిచాక తడబాటు తగ్గింది. అప్పుడు పట్టు కొద్దిగా బిగించారు, అది కూడా చెప్పి బిగించారు. బొటనవేలి వైపు పట్టు వదులుగా ఉంటుందని, అటువైపు మొత్తం ఒంటితో గుంజాలని పిల్లలు పుస్తకంలో చదివి కాదు, చేతులు కందిపోయి తెలుసుకున్నారు. ఆ తర్వాత తెల్లని దుస్తులు పోయాయి. చున్నీ, చెప్పులు, భుజాన సంచి వచ్చాయి. బల్లలు రెండు దగ్గరికి జరిపి బస్సు సీటు చేశారు. అలా సీటు మారిన రోజున పట్టును మళ్లీ మెత్తగా చేసింది ప్రేమలత. ఎవరైనా "ఆగు" అంటే ఆగాల్సిందేనన్నది గట్టి నియమం. ఆమె ఎప్పుడూ పిల్లల చేతుల కంటే ముఖాలనే ఎక్కువగా చూసేది.

ఆరో వారంలో ఒక విచిత్రం బయటపడింది. ఆ రోజు పట్టుకునేవాళ్లు ఊరికే పట్టుకోకుండా, తెలిసినవాళ్లలా మాట్లాడాలని చెప్పింది. మాలతి మామ వేషం వేసింది. "ఏం బిడ్డా, మంచిగున్నవా?" అంటూ శిల్ప చేయి పట్టుకుంది. శిల్ప చక్కగా విడిపించుకుంది. విడిపించుకుని వెంటనే, "సారీ మామా," అంది.

గది అంతా నవ్వింది. ప్రేమలత కూడా నవ్వి, "సారీ ఎందుకు చెప్పినవ్?" అని అడిగింది.

శిల్ప ఆలోచించింది. "తెల్వదు మేడం. అదే వచ్చింది."

ఒక్కొక్కరినీ పిలిచి చేయించింది. ఇరవై ముగ్గురిలో పందొమ్మిది మంది సారీ చెప్పారు, లేదా నవ్వారు, లేదా తల వంచుకున్నారు. "వదులు" అని అరవమంటే ఇంకా చిత్రం జరిగింది. పెద్ద చర్చ మొదలైంది. "మామను వదులు అని ఎట్లంటం మేడం? వదులుండ్రి అనాలె గద," అంది ఒక పిల్ల. "ఏదన్న అనండి, పక్కన ఉన్నోళ్లకు ఇనపడాలె," అంది ప్రేమలత. ఆ ఒక్క మాట గొంతు దాటడానికి పిల్లలకు పట్టిన కాలం, చేయి విడిపించుకోవడానికి పట్టిన కాలం కంటే రెట్టింపు.

మాలతి గొంతు అందరికంటే ఆలస్యంగా పెగిలింది. ఇంకా పూర్తిగా పెగలనే లేదు, ఇంతలో ఇంట్లో ఒక మాట వినబడింది.

ఒక శుక్రవారం సాయంత్రం అన్నం తింటూ వెంకట్రాములు అన్నాడు, "మాలతి సంతకు రానంటుంది గద, రేపు పూజను తోల్కపోత. కురుమూర్తి మామ దానికి వేళ్ల లెక్క నేర్పిస్త అన్నడు." పూజ మాలతి చెల్లెలు, తొమ్మిదో తరగతి. సంత అనగానే ఎగిరి గంతేసింది.

మాలతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంతకాలం తన నష్టమే లెక్క వేసుకుంది. తాను ఊరుకున్న చోటికే ఇప్పుడు చెల్లెలు పోతోంది.

"నేను గూడ వస్త," అంది.

శనివారం సంత కిటకిటలాడుతోంది. కురుమూర్తి తువ్వాల దులిపి, "రా పూజా," అన్నాడు. మాలతి ముందుకు వచ్చి చెల్లెలిని వెనక్కి జరిపింది.

"లెక్క నాకు నేర్పు మామా. తువ్వాల లేకుండ నేర్పు."

"తువ్వాల లేకుండ లెక్కేంది?" అని నవ్వి, ఆయన అలవాటుగా ఆమె చేయి అందుకుని గుడ్డ కప్పాడు. పట్టు బిగిసింది. మాలతి ముఖం మీదికి ఆ పాత నవ్వు వచ్చింది. వచ్చి, సగంలో ఆగిపోయింది.

"చెయ్యి వదులు మామా."

గొంతు చిన్నగా వచ్చింది. ఆయన విననట్టు ఉన్నాడు. ఆమె బొటనవేలి వైపు గుంజింది. రాలేదు. కాలు ముందుకు వేసి మళ్లీ గుంజింది. చెప్పు జారింది, చున్నీ కింద పడింది. పరుపుల మీద ప్రదర్శనలో కనబడిన అందం ఇందులో ఏ కోశానా లేదు. మూడోసారి ఒళ్లంతా తిప్పుతూ, ఎడ్ల అరుపుల మీదుగా వినబడేలా అరిచింది.

"కురుమూర్తి మామా, నా చెయ్యి వదులు."

తువ్వాల జారిపోయింది. ఆమె మణికట్టు చుట్టూ ఆయన వేళ్లు పదిమందికీ కనబడ్డాయి. మరుక్షణం చేయి విడిపడింది. చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి.

"ఆట పట్టిస్తున్న, నా బిడ్డ లాంటిదే గద," అన్నాడు కురుమూర్తి. ఒక ముసలి దళారి, "బిడ్డ చెయ్యికి తువ్వాల ఎందుకు కప్పినవ్?" అని అడిగి, ఉమ్మి, అటు తిరిగాడు.

అరుపు విని వచ్చిన వెంకట్రాములు కూతురి మణికట్టు మీది ఎర్రని గుర్తులను చూశాడు. "ఇదే మొదలా?" అని అడిగాడు.

"కాదు నాయనా. రెండు నెలల కింద గూడ."

"అప్పుడెందుకు చెప్పలె?"

మాలతి కింద పడ్డ చున్నీ తీసుకుని, చెల్లెలి చేయి పట్టుకుంది. ఆయన మళ్లీ అడగలేదు. కోడెల పగ్గాలు విప్పి, "ఇగ నా కొట్టం దిక్కు రాకు," అని మాత్రం కురుమూర్తికి చెప్పి, బేరం కాకుండానే ఇంటికి తోలుకొచ్చాడు. దారి పొడవునా అదే ప్రశ్న గొణుక్కున్నాడు. ఎందుకు చెప్పలె, ఎందుకు చెప్పలె.

జవాబు ఇంట్లో దొరికింది. అంతా విన్న భార్య కిష్టమ్మ ఆశ్చర్యపోలేదు. చేతిలోని చాట కింద పెట్టి, నెమ్మదిగా అంది.

"పెండ్లైన కొత్తల నేను గూడ నీతోటి సంతకు వచ్చేదాన్ని. ఎందుకు మానేసిన్నో ఒక్కనాడన్న అడిగినవా?"

వెంకట్రాములు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కోడె చెవి కదిలితే భయమో బెదురో చెప్పగలిగిన మనిషి. ఇరవై ఏళ్లుగా తన ఇంటి మనిషి ముఖం చదవలేకపోయాడు.

మాలతి భయపడింది. ఇక చదువు మాన్పిస్తాడనే అనుకుంది. సోమవారం తండ్రి కళాశాలకు వస్తాననేసరికి, పేరు తీయించడానికేనని గట్టిగా నమ్మింది. ఆయన ప్రిన్సిపాల్ గదికి పోలేదు. నేరుగా ప్రేమలత తరగతికి వచ్చి, తలపాగా తీసి, ఇరవై ముగ్గురు పిల్లల ముందు నిలబడ్డాడు.

"మేడం, మీ తరగతి ఎట్ల నడుస్తుందో మాలతి చెప్పింది. దుంగ గుంజుడు అయిపోయింది గద. ఇగ రోడ్డు మీదికి తోల్కపోవాలె. పట్టుకునేటందుకు నా చెయ్యి తీసుకోండ్రి," అన్నాడు.

మాలతిని పిలిచి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కోడెలను ఆపే చేయి అది. "వదులు నాయనా," అంది ఆమె, తల వంచుకుని.

"నాకు ఇనపడలె. నా మొఖం చూసి అను."

రెండోసారి కాస్త గట్టిగా అంది. ఆయన వదల్లేదు. మూడోసారి ఆమె కళ్లలోకి చూసి అరిచింది. బయట వరండాలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. ఆయన అప్పుడూ వదల్లేదు. ఆమే గుంజి విడిపించుకుంది, విడిపించుకుని సారీ చెప్పలేదు. వెంకట్రాములు వేళ్లు రుద్దుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, పిల్లల వైపు తిరిగాడు.

"మీ మేడం మీకు అయిదు నెలలు నేర్పింది," అన్నాడు. "మేం ఇంట్ల పందొమ్మిదేండ్లు నేర్పినం. నవ్వు, తల దించు, పెద్దోళ్లకు ఎదురు చెప్పకు, ఊకో. దినాం నేర్పినం, మస్తు గట్టిగ నేర్పినం. సంతల నా బిడ్డ చేసింది తప్పు కాదు, మేం నేర్పిందే చేసింది. ఇప్పటి సంది మా ఇంట్ల గూడ మీ మేడం తరగతే నడుస్తది. మీ నాయనలను గూడ పంపుండ్రి. చెయ్యి ఇడిపించుకునుడు మీరు నేర్చుకోండ్రి, ఆ మాట ఇనుడు మేం నేర్చుకుంటం."

ఆ మాటలకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శిల్ప మాత్రం, "రేపు మా నాయనను తోల్కొస్త మేడం," అంది.

పాఠకులారా, మన పిల్లలకు ఆత్మరక్షణ నేర్పించడం మంచిదే, మెత్తని పరుపు నుంచి గట్టినేల దాకా ఒక్కో మెట్టూ ఎక్కించడం ఇంకా మంచిది. కానీ తెలిసిన మనిషిని "వదులు" అనగలగడమే ఆ విద్యలో ఆఖరి మెట్టు, ఆ మెట్టు ఎక్కించాల్సింది ఏ శిక్షకురాలో కాదు, ఆ మాటను మొదటిసారికే వినే ఇల్లు.